నీడ చేసిన ఉపవాసం

మా దగ్గరికి వచ్చేవాళ్ళ నీడలన్నీ వాళ్ళకంటే సన్నగా ఉంటాయి. ఇందులో వింతేమీ లేదు. నీడ మనం చెప్పిందే తింటుంది, చెప్పనిది దానికి తెలియదు. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం గిన్నెడన్నం, రాత్రి రెండు పుల్కాలు అని ఫోనులో బుద్ధిగా చెప్పేవాళ్ళు, సాయంత్రం బీచిలో లాగించిన బజ్జీల గురించి గానీ, ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి మింగిన కాజాల గురించి గానీ నోరు మెదపరు. వారం తిరిగేసరికి మనిషి బరువునీ నీడ బరువునీ పక్కపక్కన పెడితే గుట్టు బయటపడుతుంది. ఆ తేడాకి మా ల్యాబులో కాజా తేడా అని పేరు పెట్టుకున్నాం. నేను ఈ పనిలో చేరిన దగ్గర్నుంచీ ఎవరి నీడా యజమానికంటే లావుగా రాగా చూడలేదు.

నూకరత్నం నీడ వచ్చింది. మూడు కిలోలు ఎక్కువ.

నీడ అంటే ఏమిటో చెప్పాలి. బరువు తగ్గించే సూదిమందు వారం వారం వేసుకునే రోజులు పోయి, ఇప్పుడు మూడు నెలలకొకటి వేస్తున్నాం. ఒకసారి లోపలికి వెళ్ళాక దాన్ని వెనక్కి తీయడం బ్రహ్మదేవుడి తరం కూడా కాదు. పడలేదంటే మూడు నెలలూ పడాల్సిందే. అందుకే సూదికి ముందు నెల రోజులపాటు మనిషిని సిద్ధం చేస్తాం. రక్తం తీస్తాం, పొట్టకి స్కానింగు చేస్తాం, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సరు వచ్చిందా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని పీకి పీకి అడుగుతాం, చేతికి నాడి లెక్కపెట్టే పట్టీ కడతాం. తిన్నదీ తాగినదీ రోజూ చెప్పమంటాం. వీటన్నిటితో యంత్రంలో ఆ మనిషి ఒళ్ళు తయారవుతుంది. అదే గుండె, అదే కాలేయం, ఆకలి పుట్టించే రసాలు కూడా అవే. మొదటి సూది దానికే. మూడు నెలలు దానికి ఒక్క మధ్యాహ్నంలో గడిచిపోతాయి. అది లేచి నిలబడితే మనిషికి వేస్తాం. లేదంటే ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుంటాం.

కాకినాడలో మా ఆసుపత్రి మేడ మీది గదిలో ఈ నీడల పని నాది. నా పేరు హైమ. పోషకాహారం మీద పెద్ద చదువు చదివి చివరికి నీడలకు వంటమనిషినయ్యానని మా అమ్మ దెప్పుతుంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు.

నూకరత్నం ఆర్టీసీలో కండక్టరు. నలభై దాటిన మనిషి, తొంభై కిలోల పైచిలుకు, గొంతు బస్సు చివరి సీటుదాకా వినిపిస్తుంది. మా గదిలోకి వచ్చిన మొదటి రోజే అందరికీ చోటు సర్ది, నన్ను కూడా కొంచెం జరగమంది.

ఆవిడకి సన్నబడాలన్న సరదా లేదు. వాళ్ళ అన్నయ్య దొరబాబుకి లివరు పాడైపోయింది. పిఠాపురంలో టెంట్ హౌస్ నడుపుకునే మనిషి, చుక్క ముట్టి ఎరగడు, ఎప్పుడో పట్టిన కామెర్ల వైరస్ లోపల్లోపల తినేసింది. ఎవరైనా తమ లివర్లో ముక్క ఇస్తే బతుకుతాడు. చెల్లెలి రక్తం సరిపోయింది. కానీ ఆవిడ లివర్ నిండా కొవ్వు. ఆ కొవ్వు కరిగితేనే కోసి ఇవ్వడానికి పనికొస్తుందని సర్జన్లు చెప్పారు. నెల రోజులు సిద్ధపడటం, మూడు నెలలు సూది, ఆ తరవాత ఆపరేషన్. దొరబాబుకి అంతకంటే పెద్ద గడువు లేదు.

"పూట మానేసే అలవాటుందామ్మా?" అని నేను మొదటి రోజే అడిగాను.

"ఎందుకు మానేస్తానండి! మూడుపూటలా శుభ్రంగా తింటాను. నన్ను చూస్తే మీకు తెలవట్లేదా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో వారానికి నీడ లావు, మనిషి సన్నం. నేను లెక్క మళ్ళీ మళ్ళీ చూశాను. యంత్రం తప్పేమో అని ఇంకో మనిషి నీడతో సరిచూశాను. ఆ నీడకి కాజా తేడా ఎప్పటిలాగే ఉంది.

మా పెద్ద డాక్టరు ఫణీంద్ర గారికి ఇది సమస్యలాగే కనిపించలేదు.

"బరువు తగ్గుతోంది, మంచిదేగా హైమా. ఆవిడ చెప్పిన తిండితో నీడకి సూది వేశాం, హాయిగా ఉంది. వాళ్ళన్నయ్య పొట్టలో నీరు చేరుతోంది. సర్జన్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు."

"ఎందుకు తగ్గుతోందో తెలియకుండా తగ్గితే మంచిదెలా అవుతుంది సార్? మనం సూది వేసింది ఆవిడ నీడకి కాదు. ఎవరో మూడుపూటలా తినే ఆవిడకి."

ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "సరే, కనుక్కో. కానీ త్వరగా," అన్నారు.

మర్నాడు నేను అమలాపురం బస్సు ఎక్కాను.

"మేడమ్ గారూ! మీరేంటండి మా బస్సులో?" అంది నూకరత్నం, టిక్కెట్ల మిషను చంకలో పెట్టుకుని.

"యానాంలో పనుందమ్మా," అన్నాను. అబద్ధాలాడటం నాకు చేతకాదు. కాకపోతే ఆవిడ పట్టించుకునే తీరికలో లేదు. చిల్లర లేదన్నవాడిని ఒక చేత్తో, మెట్టు మీద వేలాడేవాడిని ఒక చేత్తో సముదాయిస్తోంది.

యానాంలో బస్సు భోజనానికి ఆగింది. మే నెల ఎండ మాడ్చేస్తోంది. నూకరత్నం షెల్టరు నీడన కూర్చుని క్యారియరు విప్పింది. అన్నం, తోటకూర పులుసు, కోడిగుడ్డు వేపుడు, మజ్జిగ. పొద్దున ఫోనులో ఆవిడ చెప్పినవన్నీ అచ్చంగా ఉన్నాయి. చూసి తృప్తి పడుతుండగానే, ఆవిడ సగం డ్రైవరుకి పెట్టింది. మిగతా సగం చేపల బుట్టతో అక్కడే కూర్చున్న ముసలామెకి పెట్టింది. గిన్నెలు కడిగింది. కడిగిన నీళ్ళు పారబోసింది గానీ గుక్కెడు తాగలేదు.

నేను డ్రైవరు పక్కకి వెళ్ళి మెల్లగా అడిగాను.

"రత్నం గారు పగలు తినరండి," అన్నాడాయన చెయ్యి నాకుతూ. "ఉగాది కాణ్ణించీ అంతే. మంచినీళ్ళు కూడా ముట్టరు. అడిగితే కసురుతారు. నాకు మాత్రం మా బాగా జరుగుతుందండి."

ఇక దాక్కుని లాభం లేదు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"తిన్నానని రోజూ ఫోనులో చెబుతున్నారు కదమ్మా?"

ఆవిడ తడబడలేదు. "చెబుతున్నానండి. నేనే వండాను, నా క్యారియర్లో నా పేరున తెచ్చాను, నా చేత్తో పెట్టాను. అది నేను తిన్నట్టే కదండి."

"తింటే మీ పొట్టలో పడాలి కదా!"

"పుణ్యం పడుద్ది కదండి."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ దిగమింగుకుని అడిగాను. "పూట మానేస్తారా అంటే లేదన్నారే?"

"మానెయ్యడం వేరు, మొక్కు వేరండి. మానెయ్యడమంటే ఒళ్ళు బలిసి మానేసినట్టు. ఇది మా నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాను. అన్నయ్య లేచి తిరిగేదాకా పగలంతా పస్తుంటాను, దీపాలెట్టాకే ముద్ద అని. మొక్కు ఎవరన్నా బయటెట్టుకుంటారా? ఇప్పుడు మీకు చెప్పాల్సొచ్చింది." ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "మా వదినకి కూడా తెలీదండి."

మా ఇంట్లో మా అమ్మ కార్తీక మాసమంతా చుక్క పొడిచేదాకా కూర్చుంటుంది. పూట మానేస్తావా అని ఏ డాక్టరడిగినా ఛ ఛ అంటుంది. రోగులని అడిగే ప్రశ్నల్లో మొక్కుని కలపాలని నాకెందుకు తట్టలేదో నాకే తెలియదు.

మర్నాడు నూకరత్నాన్ని మా గదికి పిలిచి, నీడకి నిజం చెప్పాను. పగలు తిండి లేదు, నీళ్ళు లేవు, రాత్రికి ఒక్క పూట. దాని బరువు దిగి ఆవిడ బరువుతో సరిగ్గా కలిసింది. అప్పుడు సూది వేశాను.

తెర మీద బొమ్మేమీ ఉండదు. గీతలుంటాయి. గుండెకొకటి, కిడ్నీలకొకటి, ఆకలికొకటి. ఏ గీత ఏదో ఆవిడకి వేలు పెట్టి చూపించాను. మొదటి వారాల్లో ఆకలి గీత పడిపోయింది, సూది చేసే పనే అది. ఇబ్బంది ఆ తరవాత మొదలైంది. పగలు నీళ్ళు లేవు, రాత్రి తినబోతే ఆకలి లేదు, నాలుగు మెతుకులు దిగితే వాంతి. కండ కరిగిపోయింది. గాల్ బ్లాడర్లో రాళ్ళు కట్టాయి. రెండో నెల గడిచేసరికి కిడ్నీల గీత కిందికి జారడం మొదలైంది.

"అయ్యో, దానికి కాసిని మంచినీళ్ళన్నా ఇవ్వండమ్మా," అంది నూకరత్నం.

"ఇవ్వకూడదు. మీరు తాగరు కదా."

గీతలన్నీ ఒక్కొక్కటే వంగి, ఒకచోట ఆగిపోయాయి. ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెరకేసి చూసినంత సేపూ చేయి తన పొట్ట మీదే ఉంది.

"అంటే నేను పోతానాండి?"

"మొక్కుతోపాటు సూది వేసుకుంటే చాలా ప్రమాదం. పోకపోయినా ఆపరేషన్‌కి పనికిరారు. రెండిట్లో ఒకటి వదలాలి."

"సూది వదిలేస్తే లివరివ్వలేను. మొక్కు వదిలేస్తే తల్లి ఊరుకోదు. ఏది వదిలినా అన్నయ్యే కదండి పోయేది!"

ఆవిడ ఏడవలేదు. బస్సులో సీటు గొడవ తీర్చేటప్పుడు ఎలా ఆలోచిస్తుందో అలా ఆలోచించింది. తలెత్తి అడిగింది.

"సూది వేసుకున్నాక నాకు ఆకలెయ్యదు కదండి?"

"చాలామందికి బాగా తగ్గిపోతుంది."

"మరి ఆకలెయ్యకుండా పస్తుంటే అది మొక్కెలా అవుద్దండి? అది ఉత్తినే కూర్చున్నట్టు." తెర వైపు చెయ్యి చూపించింది. "ఇందాకటి దానికి... సూది వెయ్యనప్పుడు... ఆకలేస్తుందాండి? నిజంగా?"

నిజంగా అన్నమాట దగ్గర నేను చిక్కుకున్నాను. నీడకి మనసు లేదు, బాధ లేదు, అంకెలు తప్ప మరేమీ లేవని ఎన్నోసార్లు ఎందరికో చెప్పాను. కానీ ఆవిడ అడిగింది ఆకలి గురించి.

"ఆకలి పుట్టించే రసాలన్నీ మీకెంత ఊరతాయో దానికీ అంతే ఊరతాయి. మీకు పన్నెండింటికి వేస్తే దానికీ పన్నెండింటికే," అన్నాను.

"అయితే దాన్ని ఉండమనండి నా బదులు. సూది వెయ్యకండి దానికి. మా ఊళ్ళో ముసలోళ్ళు కొండెక్కలేకపోతే వాళ్ళ మొక్కు ఇంట్లోవాళ్ళు తీరుస్తారు. ఇది నా ఒళ్ళే కదండి, బయటోళ్ళు కూడా కాదు. ఆకలేస్తుంది కాబట్టి చెల్లుద్ది."

నవ్వుదామనుకున్నాను. నవ్వు రాలేదు.

ఫణీంద్ర గారు మాత్రం నవ్వేశారు. "సైన్సు గదిలో మొక్కులు తీరుస్తున్నామని రిపోర్టులో రాస్తావా?"

"సూది వెయ్యని నీడ, పోల్చి చూడటానికి, అని రాస్తాను సార్."

ఆయన ఆలోచించారు. "అదీ అబద్ధమేం కాదులే. ఉంచుకో. కానీ చికిత్స అయ్యాక తీసెయ్యాలి. మనిషి ఒంటి వివరాలు ఉంచుకోకూడదని చట్టం, నీకు తెలుసుగా."

అసలు కష్టం ఇక్కడే వచ్చింది. ఉగాది నుంచీ ఎండిపోయిన ఒంటికి సూది వెంటనే వేయలేం. ఇంకో మూడు వారాలు మూడుపూటలా తిని, నీళ్ళు తాగి, కండ పట్టాలి. పప్పు, గుడ్డు, చేప, పొద్దునా సాయంత్రం నడక, బరువుకి నీళ్ళ సీసాలు పట్టుకుని మెట్లెక్కడం. అప్పుడే సూది. ఈ మాట చెప్పిన మర్నాడే వాళ్ళ వదిన బేబి మా గదికి తుఫానులా వచ్చింది. నూకరత్నం అప్పుడే నడక ముగించుకుని కూర్చుని ఉంది.

"ఆయన పొట్ట కుండలా ఉబ్బిపోయిందండి. కళ్ళు పసుపు ముద్దల్లాగున్నాయి. మీరేమో ఇంకా మూడు వారాలంటారా? మీ మిషన్లో ఆటలాడుకోడానికి మా ఆయనే దొరికాడా?" అంది నా బల్ల మీద చరిచి.

రోగి రహస్యం నేను చెప్పకూడదు. నిలబడి తిట్లు తిన్నాను. ఆ మూడు వారాల్లో దొరబాబుకి ఏమైనా అయితే ఆ పాపం నాదేనని నాకూ తెలుసు. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు.

"మేడమ్ గారిననకు వదినా," అంది నూకరత్నం. "తప్పు నాది. అన్నయ్య కోసం పగలంతా పస్తులుంటున్నాను, ఈవిడికి చెప్పలేదు. ఈ ఒంటికి ఇప్పుడు సూదేస్తే నేను పోతాను, అన్నయ్యకి ముక్కా దొరకదు. నా కళ్ళతో చూశాను."

బేబి చరిచిన చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఆవిడా ఆడపడుచూ ఉప్పూ నిప్పూ అని నూకరత్నమే నాకు చెప్పింది. ఆ చెయ్యి మెల్లగా తీసి ఆవిడ అంది, "ముందు చెప్పి చావొచ్చు కదా! మీ ఇంట్లో అందరూ అంతే." అని బయటికి పోయింది. మర్నాటినుంచీ ఆడపడుచు క్యారియరు ఆవిడే కట్టి పంపేది. ఉడకబెట్టిన గుడ్లు, మొలకెత్తిన పెసలు, చేపల పులుసు. అందులో ఎవరికీ పెట్టొద్దని మూత మీద చీటీ కూడా అంటించేది.

వదిన క్యారియరు పంపిన మొదటి రోజు మధ్యాహ్నం నాకు ఫోను వచ్చింది. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"నేనండి, రత్నాన్ని. ముద్ద నోటిదాకా వచ్చింది, లోపలికి వెళ్ళట్లేదు. అది తిన్లేదు కదండి?"

తెర వైపు చూశాను. మొక్కు నీడని సూదికి ముందున్న స్థితికి తెచ్చి, అసలు రోజుతో సమానంగా నడుపుతున్నాను, దాని మధ్యాహ్నం మన మధ్యాహ్నమే. ఆకలి గీత నిటారుగా లేచి ఉంది.

"తినలేదమ్మా."

"నీళ్ళు?"

"తాగలేదు."

"బాగా ఆకలేస్తుందాండి పాపం?"

"బాగా వేస్తోంది."

అటువైపు నమలడం వినిపించింది. ఏడుస్తూ నములుతోందని నాకు అర్థమైంది. నేను ఫోను పెట్టేయలేదు. క్యారియరు ఖాళీ అయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.

దొరబాబు ఆ మూడు వారాలూ దాటాడు. ఒకసారి పొట్టలో నీరు తీశారు, ఒకసారి ఐసీయూలో పెట్టారు, కానీ దాటాడు. నూకరత్నం రక్తం, కండ, స్కానింగు అన్నీ సరిగ్గా వచ్చాక ఆవిడ కొత్త తిండితో ఇంకో నీడ తయారుచేసి దానికి సూది వేశాను. అది మూడు నెలలు నడిచి నిలబడింది. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను. సోమవారం ఉదయం టిఫిన్ తినిపించి మరీ ఆవిడకి సూది వేశాం. రోజూ దీపాలెట్టేవేళ మొక్కు నీడకి ఒక్కపూట పెట్టడం మాత్రం నా డ్యూటీ.

సూది బాగానే పని చేసింది. మొదట్లో వికారం, ఆ తరవాత అలవాటు. బరువు నిదానంగా దిగింది, లివర్లో కొవ్వు కరగడం స్కానింగులో కనిపించింది. ఆవిడ ఫోనులో అలారం పెట్టుకుని తినేది. నీళ్ళ సీసా టిక్కెట్ల మిషను పక్కనే వేలాడేది. బస్సులోవాళ్ళు రత్నం గారూ ఎండిపోయారండి అంటే, ఎండిపోలేదు సర్దుకున్నాను అనేది.

కానీ వారానికోసారి బరువు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ముందు ఆ తెర దగ్గరికే వెళ్ళేది.

"అదిగో. పదకొండున్నర. నాకూ ఇట్టాగే మొదలయ్యేదండి, టోల్ గేటు దగ్గర," అని గీత మీద వేలు పెట్టేది. "ఇప్పుడు నాకేమీ ఉండట్లేదు మేడమ్ గారు. పులుసు వాసనొచ్చినా ఆహా అనిపించదు. అలారం మోగుద్ది, తింటాను. తిండి కూడా డ్యూటీలాగుంది. ఆకలిని తిట్టుకునేదాన్ని, అది లేకపోతే తోడు పోయినట్టుందండి."

"మందు ప్రభావం తగ్గాక తిరిగి వస్తుందమ్మా."

"ఎంతొస్తుందో ఎవరికి తెలుసులెండి." గీత వైపు మళ్ళీ చూసేది. "దీనికన్నా ఉంది. మా అన్నయ్య కోసం ఇది మాడుతుంటే నేను తిని తిరుగుతున్నాను. నాకంటే ఇదే గొప్పదండి."

ఆ మాట వినకూడదనిపించేది నాకు. రాత్రి ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుంటే ఆ నిటారు గీతే కళ్ళల్లో మెదిలేది. నీడకి బాధ లేదని ఇంకా నమ్ముతూనే ఉన్నాను. అయినా సాయంత్రం దానికి అన్నం పెట్టే వేళ దాటకుండా చూసుకునేదాన్ని. ఒకసారి దారిలో టైరు పంక్చరైతే ఆటో ఎక్కి మరీ వచ్చాను. ఎవరికోసం పరుగెత్తానంటే ఏం చెప్పను?

ఆపరేషన్ భాద్రపదంలో జరిగింది. మందువల్ల పొట్ట నిదానంగా ఖాళీ అవుతుంది కాబట్టి ముందు రెండు రోజులూ ద్రవాలే ఇచ్చాం. మత్తు డాక్టర్లకి అన్నీ విడమరిచి చెప్పాం. పొద్దున అన్నాచెల్లెళ్ళిద్దరినీ లోపలికి తీసుకెళ్ళారు. చీకటి పడ్డాక బయటికి తెచ్చారు. బేబి ఆ పొద్దంతా నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి వదల్లేదు.

ఇద్దరూ బతికారు. నూకరత్నం ముందు కోలుకుని లేచి తిరిగింది. దొరబాబుకి కొంచెం ఆలస్యమైంది.

ఆవిడ ఒకరోజు ఉదయం కుట్ల మీద చెయ్యి ఆనించుకుని, మెట్లెక్కొద్దని నర్సులు అరుస్తున్నా వినకుండా మా గదికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఆకలేస్తుందన్నాడండి మా అన్నయ్య! ఏడాదై ఆ మాట అతని నోట రాలేదు. పొద్దున లేచి నాలుగడుగులేసి, రత్నం, ఆకలేస్తుందే, ఏమన్నా పెట్టు అన్నాడు. వదిన ఇడ్లీ పెడితే ఇంకోటి పెట్టమన్నాడండి!" అని నా భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు.

ఏడుపయ్యాక కళ్ళు తుడుచుకుని తెర ముందు కూర్చుంది. మొక్కు తీరిపోయింది. చికిత్సా అయిపోయింది. ఆ నీడని తీసెయ్యమని ఫణీంద్ర గారు ముందురోజే గుర్తుచేశారు. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. తెలుసన్నట్టు తలూపింది.

"ఆకలితో పంపకండమ్మా," అంది. "ఇన్నాళ్ళు నా బదులు పస్తులుంది. ముందు అన్నం పెట్టండి."

పన్నెండు కావస్తోంది. గీత పైకి లేస్తోంది. నేను ఆహారం నమోదుచేసే పేజీ తెరిచాను. ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది, వడ్డిస్తున్నట్టుగా. వేడన్నం. ముద్దపప్పు, నెయ్యి. గుమ్మడికాయ పులుసు. కొరమేను కూర. గోంగూర పచ్చడి. అప్పడాలు. పెరుగు. చివర్న రెండు పూతరేకులు.

"ఎంతెంత రాయనమ్మా?"

"ఎంతేంటండి! కడుపు నిండా."

మా యంత్రంలో గ్రాములున్నాయి, కప్పులున్నాయి, చెంచాలున్నాయి. కడుపు నిండా అన్న కొలత లేదు. అందుకని కొంచెం వేసి గీత చూశాను. ఇంకొంచెం వేశాను. మారు అన్నం పెట్టమని ఆవిడే చెప్పింది, పెట్టాను. నిటారుగా ఉన్న గీత నెమ్మదిగా వంగి, కిందికి దిగి, నేల మీద పడుకున్నట్టు చదునైంది. మూడు నెలలపైగా ఏ మధ్యాహ్నమూ దాన్ని నేను అలా చూడలేదు.

తీసెయ్యడానికి మీట మీదికి వేలు తీసుకెళ్ళాను. నూకరత్నం నా చెయ్యి పట్టుకుంది.

"ఉండండమ్మా. తిన్నవెంటనే లేపుతారా ఎవరన్నా? కాసేపు కూర్చోనివ్వండి."

ఆవిడ కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. కింద వార్డులోంచి దొరబాబుకి మందుల వేళయిందని కబురొచ్చినా కదల్లేదు. నేనూ ఆవిడ పక్కనే కూర్చున్నాను. సాయంత్రం దీపాలు వెలిగేదాకా ఆ మీట నొక్కలేదు.